మాలిమి ఇల్లు

ఇంటి గురించి వేదగిరి గారికి తెలిసినంత అంగారకం మీద మరో మనిషికి తెలియదు. అంత తెలిసినవాళ్లు ఉన్నారని ఎవరైనా చూపిస్తే వాళ్లకు సాష్టాంగపడతాను.

అక్కడ గాజు గొడుగు కింద కట్టిన గొడుగు నగరంలో ఇల్లంటే గోడలూ కప్పూ కాదు. ఆయన కనిపెట్టిన ‘మాలిమి ఇల్లు’ పిల్లిపిల్లలాంటిది. గోడల్లో, వంటింటి గట్లలో, అరల్లో చర్మంలాంటి సెన్సర్ల పొర ఉంటుంది. రోజూ తాకే చేతికి అది మాలిమి అవుతుంది. నడుం వంగలేనివాళ్లకు గట్టు పైకి లేస్తుంది, పొట్టివాళ్లకు అర కిందికి దిగుతుంది, చూపు తగ్గితే దీపం దగ్గరికొస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ముట్టుకుంటే మాత్రం పొయ్యి వెలగదు. గాలి కొలుచుకు పీల్చే ఊరు మరి, మంటకు వృథా చేస్తే ఎలా?

ఊరంతటికీ ఇవే కట్టించాలా వద్దా అని తేల్చడానికి కమిటీవాళ్లు ఆయనింటికే వచ్చారు. అందరూ మగవాళ్లే. వాళ్లు సరేనంటే ఆయన జీవితకాలపు శ్రమ ఫలించినట్టు, కాదంటే గంగలో కలిసినట్టు.

“ఇంటిపనిలో సగం నాదేనండీ,” అన్నారు వేదగిరి గారు. “పొద్దుటి కాఫీ ఎప్పుడూ నా చేతిదే. అలా పుట్టిందే ఈ ఆలోచన.”

“అయితే ఆ చేతి కాఫీ మాకూ ఇప్పించండి,” అన్నారు కమిటీ పెద్ద పరాంకుశం గారు.

వేదగిరి గారు వంటింట్లోకి నడిచి గట్టు మీద చెయ్యి వేశారు.

“నమస్కారమండీ,” అంది ఇల్లు. “కొత్తగా వచ్చినట్టున్నారు. హాల్లో కూర్చోండి, అమ్మగారిని పిలుస్తాను.”

“నేను వేదగిరిని. నిన్ను కట్టినవాణ్ణి.”

“గొంతు తెలుసండీ. చెయ్యే తెలియదు.”

ఇంటి గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదని ఇందాక అన్నాను కదూ? కొట్టేసుకోండి. పంచదార ఏ అరలో ఉంటుందో కూడా ఆయనకు తెలియదు.

హాల్లో నవ్వులు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. భార్య హైమవతి గారు వచ్చి గట్టు అంచుకు వేలు ఆనించారో లేదో, పొయ్యి వెలిగింది, అర కిందికి దిగి వచ్చింది.

“ఈ మధ్య చెయ్యి బెణికిందండీ ఆయనకి,” అన్నారావిడ చుట్టాలకు సర్దిచెప్పినట్టు. “అందుకే ఇల్లు మరిచిపోయింది.”

“మరిచిపోలేదమ్మా,” అంది ఇల్లు. “ఎప్పుడూ తెలియదు.”

భార్య మొహం చూడలేక వేదగిరి గారు తల దించుకున్నారు. హాల్లో నవ్వులు కూడా ఆగిపోయాయి. ఎవరి వంటిల్లు వాళ్లకు గుర్తొచ్చినట్టుంది.

కాఫీలయ్యాయి. పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. “ఇల్లు బ్రహ్మాండం. ఊరంతా కట్టించేద్దాం. ఒక్కటే, చేతులు గుర్తుపట్టే ఆ గుణం తీసెయ్యండి.”

“అది తీసేస్తే మామూలు ఇల్లే కదండీ. పనిచేసేవాళ్ల నడుం నొప్పి దానికెలా తెలుస్తుంది?”

“మా ఆవిడకి నడుం నొప్పి అలవాటేలెండి.”

వేదగిరి గారు ఖాళీ కప్పులు ఏరుతున్న భార్య వంక చూశారు. “తీయను,” అన్నారు.

ఇందులో ఆ ఒక్క మాటా నా కల్పన. అంతసేపు సిగ్గుపడ్డ మనిషి నోట ఒక్క మంచి మాటైనా రాకపోతే బాగుండదని కలిపాను. ఆయన నిజంగా అన్నది, “రేపటికల్లా తీసేస్తాను,” అని. అదీ ఆవిడ కప్పులు పట్టుకుని లోపలికి వెళ్లేదాకా ఆగి.