గోడకి జ్వరం

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికన్నా ముందు లేచేది అత్తగారి ముక్కు. ఆ తర్వాతే ఆవిడ లేస్తారు.

మంచం మీదే గాలి పీల్చి, "ఏదో కాలుతున్న వాసన" అంటారు. ఆ మాటకి ఎవరూ ఉలిక్కిపడరు. కొడుకు మొహం కడుక్కుంటూనే "ఏమీ లేదమ్మా" అంటాడు. ఆవిడ వినరు. గది గదికీ తిరిగి, ప్రతి స్విచ్‌బోర్డు మీదా అరచెయ్యి వెనక్కి తిప్పి ఆనించి చూస్తారు, పసిపిల్లల నుదురు చూసినట్టు. "అమ్మ గోడలకి జ్వరం చూస్తోంది" అని కొడుకు నవ్వుతాడు. కోడలు కొత్తలో తనూ నవ్వేది. ఇప్పుడు నవ్వడానికీ ఓపిక లేదు.

కోడలు నర్సు. మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చి, ఇంజెక్షన్లు చేసి వస్తుంది. ఒకరిల్లు ఊరికి ఆ చివరైతే ఇంకొకరిది ఈ చివర. అందుకే ఈ మధ్యే కరెంటు కారు కొన్నారు. రాత్రి ఛార్జింగ్ పెడితే తెల్లారేసరికి నిండుతుంది. నిండాలి మరి. ఆ రోజు కారెక్కి చూస్తే సగం కూడా లేదు.

విసురుగా లోపలికి వచ్చింది. "ఏవండీ, ఛార్జింగ్ తీగ ఎవరు పీకారు?"

భర్త వంటింటి వైపు చూశాడు.

"నేనే పీకానమ్మాయ్," అన్నారు అత్తగారు వంటింటి గుమ్మంలోంచి. "వాసన వచ్చింది."

"నీకు కనపడకుండా పెట్టాను కదమ్మా," అని కొడుకు నోరు జారాడు.

పెట్టిన మాట నిజమే. కారు అమ్మినవాళ్ళు వేరే లైను వేయించుకోమని చెప్పారు. ఎలక్ట్రీషియన్ వచ్చి గోడలు తొలిస్తే అమ్మ కంగారుపడుతుందని అతను రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ వాయిదా వేశాడు. ఈలోపు వెనకగదిలో వాషింగ్ మిషన్ ప్లగ్గుకి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, కారు తీగ కిటికీలోంచి లోపలికి లాగాడు. మిగిలిన వైరు చుట్టలు చుట్టి మూలన పెట్టి, అమ్మ కంట పడకూడదని పైన పాత దుప్పటి కప్పాడు. తల్లి మీద ప్రేమతోనే చేశాడు.

"ఇది మొదటిసారి కాదత్తయ్యా," కోడలి గొంతు పెరిగింది. "అక్కడ ఒక ముసలాయన కాలి పుండుతో నా కోసం ఎదురుచూస్తుంటాడు. మీకు వాసన రాని రోజు ఒక్కటి చెప్పండి. వాన పడ్డా వస్తుంది, కరెంటు పోయినా వస్తుంది. లేని వాసనకి భయపడి నేను ఉద్యోగం మానుకోనా?"

అత్తగారు కొడుకు వైపు చూశారు. అతను చూపు తిప్పేసుకున్నాడు. అతనికెదురుగా గోడ మీద రెండు జడల పిల్ల ఫొటో ఉంది. అతని చెల్లెలు చిట్టి. జ్వరమొచ్చి చిన్నప్పుడే పోయిందని కోడలికి చెప్పారు.

"సరేనమ్మాయ్," అన్నారు అత్తగారు చివరికి. "వాసన రావడం లేదు. పెట్టుకో."

ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. కోడలు మళ్ళీ ప్లగ్గు పెట్టింది. కాస్త ఎక్కాక బయల్దేరదామని కాఫీ కలిపింది. ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేసింది. పెద్దావిడని అంత మాట అనకుండా ఉండాల్సింది. ఇంకో గ్లాసు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళింది.

అత్తగారు వెనకగదిలో, దుప్పటి కప్పిన మూల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒంట్లో బాగాలేని వాళ్ళ పక్కన కూర్చునే తీరు అది. మొహం పాలిపోయి చెమట పట్టి ఉంది. కోడలి చెయ్యి దానంతటదే వెనక్కి తిరిగి ఆవిడ నుదుటికి ఆనింది.

"నాకు కాదమ్మాయ్. దానికి చూడు."

ఆవిడ తృప్తి కోసమే కోడలు వంగి, దుప్పటి కింద చెయ్యి పెట్టింది. చురుక్కుమని వెనక్కి లాక్కుంది.

"అత్తయ్యా, లేవండి. ఏవండీ, మెయిన్ ఆపండి, ముందు మెయిన్ ఆపండి."

అతను పరుగెత్తాడు. ఫ్రిజ్ చప్పుడు ఆగిపోయింది. దుప్పటి లాగి చూస్తే, చుట్టలు చుట్టిన వైరు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయి ఉంది. తెల్లటి బాక్సు గోధుమరంగుకి తిరిగింది. దుప్పటికి అడుగున నల్లటి మచ్చ పడింది. ఇప్పుడు ఆ వాసన ముగ్గురికీ వచ్చింది.

"ఇంత వేడెక్కుతుంటే మీరు ఇక్కడే కూర్చున్నారేంటత్తయ్యా? ఏమైనా అయితే?"

"ఈసారైనా దగ్గరుందామని."

కోడలికి అర్థం కాలేదు. అత్తగారు గుమ్మంలోంచి కనపడుతున్న చిట్టి ఫొటో వైపు చూస్తూ చెప్పారు. "చిట్టి పడుకున్న గదిలో హీటరు పెట్టాం. నాకు వాసన వచ్చింది. మీ మామగారిని లేపి చెప్పాను. ఏమీ లేదు, పడుకో అన్నారు. నా ముక్కుని నేను నమ్మలేదమ్మాయ్. ఆయన మాట నమ్మి పడుకున్నాను."

"జ్వరమన్నారు కదండీ," అంది కోడలు భర్తతో, మెల్లగా.

"అలాగే చెప్పమన్నారు నాన్న. అందరికీ అలాగే చెప్పాం." అన్నాడతను. ఏమీ లేదమ్మా, ఏమీ లేదమ్మా. ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున్నే తండ్రి మాటే తన నోటితో అంటున్నాడు. పైగా గోడకి జ్వరమని నవ్వాడు. తల్లి మోకాళ్ళ దగ్గర కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ అతని తల నిమురుతూ ఉండిపోయారు.

ఆ వారంలోనే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మీటరు దగ్గర్నుంచి కారు కోసమే విడిగా మందపాటి తీగ లాగి, దానికి సొంత బ్రేకరు పెట్టి, పెరట్లో ఎర్తింగ్ వేసి, కారు షెడ్డు గోడకి ఛార్జరు బిగించాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఊసే ఎత్తొద్దన్నాడు. అత్తగారు కుర్చీ వేయించుకుని మొదట్నుంచి చివరిదాకా చూశారు. గోడ తొలుస్తుంటే కంగారుపడలేదు. కంగారంతా కొడుకే పడ్డాడు.

మర్నాడు పొద్దున్న కోడలు ఛార్జింగ్ తీసేముందు, చెయ్యి వెనక్కి తిప్పి ఆ ఛార్జరుకి ఆనించింది. తీగ పొడవునా, గోడ మీద కూడా ఆనించి చూసి లోపలికి వచ్చింది.

"జ్వరం లేదత్తయ్యా."

అత్తగారు మంచం మీద కూర్చుని గాలి పీలుస్తున్నారు. "నాకు వాసన వస్తూనే ఉందమ్మాయ్."

"అయితే మళ్ళీ చూసొస్తాను," అని కోడలు వెనక్కి తిరిగింది.

"వద్దులే," అన్నారు ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు చూశావుగా. డ్యూటీకెళ్ళు."