తిన్నని రోడ్డు మీద చప్పుడు

బండి షెడ్డులోకి వచ్చి ఆగకముందే దాని జబ్బేమిటో మేస్త్రీకి తెలిసిపోతుందని చుట్టుపక్కల డ్రైవర్లు చెప్పుకునేవాళ్ళు. అందులో సగం అతిశయం. ఆ సగాన్ని మేస్త్రీయే స్వయంగా పుట్టించి ఉంటాడు. చెవుల సంగతి మాత్రం నిజమే. పాత సుత్తి పిడి ఒక కొసని బండి ఇనుముకి ఆనించి, రెండో కొసని చెవికి నొక్కుకుని కళ్ళు మూసుకునేవాడు. ఎక్కడ ఏ బేరింగు అరుగుతోందో, ఏ పళ్ళచక్రం పన్ను విరిగిందో కాసేపట్లో చెప్పేవాడు. పక్కనే ఉన్న పంచర్ల షాపాయన "రహస్యాలు మాట్లాడుకుంటున్నారు, మనం వినకూడదు" అని కస్టమర్లకి సైగ చేసేవాడు. చెవుల మేస్త్రీ అన్న పేరు అలా స్థిరపడిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆగి ఆగి వాన పడుతోంది. కొండ మీద నుంచి పొగమంచు దిగి షెడ్డు గుమ్మం దాకా వచ్చింది. అందులోంచి మేస్త్రీ చెల్లెలి మొగుడు, అతనూ డ్రైవరే, తన జీపు తోలుకుంటూ వచ్చాడు. ఎప్పుడూ వస్తూనే ఏదో ఒక పరాచికం ఆడే మనిషి, ఆ రోజు దిగి టోపీ కూడా తియ్యకుండా నిలబడ్డాడు.

"వెనక ఇరుసులో చప్పుడొస్తోంది బావా. నువ్వు లాకర్ బిగించిన దగ్గర్నుంచే."

"మలుపుల్లో టకటకమంటుందని చెప్పానుగా? అది లాకర్ నైజం. దానికే ఇంత మొహం వేలాడేసుకుని వచ్చావా?"

"మలుపులో కాదు. తిన్నని రోడ్డు మీద."

మేస్త్రీ చేతిలోని పానా కింద పెట్టాడు.

ఆ లాకర్ సరదాకి బిగించింది కాదు. చెల్లెలికి నెలలు నిండాయి. వాళ్ళ ఇల్లు కొండ మీద, ఆసుపత్రి కింద, మధ్యలో బురద దారి. మామూలు జీపు ఇరుసుకి ఒక పాడు బుద్ధి ఉంటుంది. ఒక చక్రం బురదలో జారితే బలమంతా దానికే ధారపోసి, గట్టి నేల మీదున్న రెండో చక్రాన్ని గాలికి వదిలేస్తుంది. కిందటి నెల పరీక్షకి తీసుకొస్తున్నప్పుడు అలాగే కూరుకుపోయి, నిండు మనిషి సగం పూట వానలో కూర్చుంది. అది విన్నాక మేస్త్రీకి కంటి మీద కునుకు పట్టలేదు. లాకర్ తెప్పించి తన చేతుల్తోనే బిగించాడు. అదుంటే ఆ పప్పులుడకవు, రెండు చక్రాలూ కలిసి తిరగాల్సిందే. ఇప్పుడు ఆ ఇరుసే దారిలో విరిగిందంటే తల్లీ బిడ్డా ఇద్దరూ కొండ మీదే చిక్కుకుపోతారు. మేస్త్రీకి ఉన్నది ఒక్కగానొక్క చెల్లెలు.

జీపుని జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టాడు. నూనె దింపి అరచేతిలో పోసుకుని వెలుతురులో చూశాడు. ఇనుప రజను లేదు. చక్రాలు పట్టుకుని ఊపాడు, తిప్పాడు. కిక్కురుమనలేదు. వెన్నలో వేలు పెట్టి తిప్పినంత మెత్తగా ఉంది లోపలి పని. అంత బాగా బిగించినందుకు మామూలప్పుడైతే తన భుజం తనే తట్టుకునేవాడు.

నూనె మళ్ళీ పోసి, జీపుని కిందికి దింపాడు. "పద, తోలు. నేను వెనక పడుకుని వింటాను" అన్నాడు.

జీపు వెనక తలుపు పైకి కట్టేసి, నేల రేకు మీద బోర్లా పడుకున్నాడు మేస్త్రీ. సుత్తి పిడి సరిగ్గా ఇరుసు పైన ఆనించి చెవి పెట్టాడు. తడిసిన మట్టి వాసన, డీజిల్ వాసన. జీపు కదిలింది. మొదటి మలుపులో టక్, టక్, టక్... లాకర్ తన పని చేసుకుపోతోంది. మలుపు దాటాక అది ఆగిపోయింది. ఇక తిన్నని రోడ్డు.

తప్... తప్... తప్...

మెత్తగా, బరువుగా ఉందా చప్పుడు. ఇనుము చేసేది కాదు.

"వేగం పెంచు!" అని అరిచాడు మేస్త్రీ.

ఇంజిన్ గట్టిగా మూలిగింది. తిరిగే వస్తువు ఏదైనా, బేరింగు కానీ పళ్ళచక్రం కానీ, బండి వేగం పెరిగితే దాని చప్పుడూ వేగం పుంజుకుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా మేస్త్రీ అన్నం తింటున్నది ఆ ఒక్క లెక్క మీదే. ఈ చప్పుడు మాత్రం పెరగలేదు. అదే నిదానం. పైగా కొంచెం కొంచెంగా వెనకబడి, దూరమై, వినపడకుండా పోయింది.

"ఇప్పుడు తగ్గించు..."

వేగం తగ్గింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత దూరంగా మొదలై, మెల్లగా దగ్గరయింది. తప్... తప్... తప్...

"ఇంజిన్ ఆపి వదిలెయ్."

జీపు ఊపు మీద కొంత దూరం దొర్లి నిలబడిపోయింది. చక్రాలు తిరగడం లేదు. ఇరుసు తిరగడం లేదు. వాన కూడా తెరిపి ఇచ్చింది.

తప్... తప్...

వచ్చి, వెనక తలుపు దగ్గర ఆగింది.

మేస్త్రీ చెవికి పిడి లేదు. ఎప్పుడో జారిపోయింది. తల ఎత్తి చూశాడు. పొగమంచు తప్ప ఏమీ లేదు. ఆ మంచులోంచి, ఏళ్ళ తరబడి మూసి ఉన్న గది తలుపు తెరిచినట్టు, మగ్గిన మట్టి వాసన గుప్పుమంది. మేస్త్రీ పాక్కుంటూ ముందు సీట్లోకి వచ్చిపడ్డాడు.

"తోలు" అన్నాడు గొంతు తగ్గించి. "మాట్లాడకుండా తోలు."

కొంత దూరం పోయాక అడిగాడు. "లాకర్ బిగించాక దాన్ని ఎక్కడ పరీక్షించావ్?"

"నువ్వు చెప్పినట్టే చేశాను. ఒక చక్రం మెత్తటి గుంతలో దింపి, రెండోదాంతో లాగమన్నావుగా?"

"ఏ గుంతలో?"

డ్రైవరు రోడ్డు వైపే చూస్తున్నాడు. "పాత క్వారీలో."

లాకర్ పని చేస్తోందో లేదో తెలియాలంటే ఒక చక్రానికి పట్టు లేకుండా చెయ్యాలి. మెకానిక్కులందరూ చేసే పరీక్షే అది. ఇంకే మెత్తటి నేలయినా సరిపోయేది. క్వారీలో ఆ మూల మాత్రం మెత్తగా ఎందుకుంటుందో కొండ మీద అందరికీ తెలుసు. ఒకప్పుడు అక్కడ చరియ విరిగి, కాళ్ళకి చెప్పులైనా లేకుండా రాళ్ళు కొట్టే మనిషి మీద పడింది. తవ్వి తియ్యడం కుదరక, పైన ఇంకాస్త మట్టి పోసి పని కట్టేశారు. ఆ మనిషిది ఏ ఊరో, వెనక ఎవరైనా ఉన్నారో ఎవరికీ తెలియదు. అడిగిన వాళ్ళూ లేరు.

"బుద్ధుందా నీకు? అక్కడా?"

"దగ్గర్లో ఉందని... వాన కదా, ఇంకెక్కడికీ పోలేక... చక్రం మోకాలి లోతు దిగింది బావా. దిగాక నేను ఇంకా యాక్సిలరేటర్ సరిగ్గా తొక్కనే లేదు. కింద నుంచి ఎవరో భుజం పెట్టి లేపినట్టు బండి పైకొచ్చేసింది. నీ లాకర్ గొప్పదనమనుకున్నాను. ఇంటికెళ్ళి చెప్పాను కూడా, మీ అన్నయ్య చేతిలో మంత్రముందని."

వెళ్ళి ఆ గుంత దగ్గర దణ్ణం పెట్టుకుని రావాలా, ఎవర్నైనా పిలవాలా అని మేస్త్రీ ఆలోచిస్తుండగానే డ్రైవరు ఫోను మోగింది. చెల్లెలి పక్కింటావిడ. నొప్పులు మొదలయ్యాయి, ఉమ్మనీరు పోయింది, ఇక్కడ బండి లేదు, వెంటనే రండి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూసుకోవడానికైనా టైమెక్కడుంది? డ్రైవరు గేరు మార్చి కొండ వైపు తిప్పాడు.

లాకర్ ఎంత బాగా పని చేసిందంటే, మేస్త్రీకి ఏడుపొచ్చింది. ఎక్కడా జారలేదు, ఎక్కడా ఆగలేదు. చక్రాలు బురదని కొరుక్కుంటూ ఎక్కుతున్నాయి. ఎక్కుడు కాబట్టి నెమ్మదిగా పోతున్నారు. మనిషి నడిచేంత నెమ్మదిగా. వెనకాలే ఆ చప్పుడు, తోడొస్తున్నట్టు... తప్... తప్... ఇద్దరికీ వినిపిస్తోంది.

చెల్లెలు గుమ్మంలోనే కూర్చుని ఉంది, గోడకి తల ఆనించి. పెదవి కొరుక్కోవడంతో రక్తం వచ్చింది. అన్నని చూసి నవ్వబోయింది. "చచ్చిపోతాననుకున్నాను అన్నయ్యా, వచ్చారు" అంది. పక్కింటావిడా మేస్త్రీ చెరో పక్కా పట్టుకుని జీపు వెనక భాగంలో పరుపు మీద పడుకోబెట్టారు. పక్కింటావిడ ఇంట్లో పసివాళ్ళని వదిలి రాలేదు. మేస్త్రీ చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జీపు దిగుడు మొదలెట్టింది.

మేస్త్రీ చెవులు రిక్కించాడు.

ఏమీ లేదు.

మలుపులో లాకర్ టకటక. తిన్నగా పోతున్నప్పుడు ఇంజిన్ మోత. అంతే.

"పోయింది బావా!" డ్రైవరు గొంతులో ప్రాణం లేచొచ్చింది. "వింటున్నావా? చప్పుడు పోయింది!"

పోయిన చప్పుడంటే మేస్త్రీకి ఎప్పుడూ అనుమానమే. ఇనుము తనంతట తాను బాగుపడడం అతను ఎన్నడూ చూడలేదు.

"అన్నయ్యా" అంది చెల్లెలు నీరసంగా.

"ఏమ్మా?"

"కాస్త జరగమనవా..."

"ఎవర్నమ్మా?"

"కాళ్ళ దగ్గర కూర్చున్నాయన్ని. కాళ్ళు చాపుకోవడానికి చోటు లేదు."

మేస్త్రీ అటు చూశాడు. పరుపు చివర ఎవరూ లేరు. దుప్పటి మాత్రం అక్కడ గుంటపడి ఉంది. దాని చుట్టూ తడి మెల్లగా పాకుతోంది. ఆ మగ్గిన మట్టి వాసన...

అరిస్తే డ్రైవరు అదిరి స్టీరింగు వదిలేస్తాడు. ఒక పక్క లోయ. ఆపితే బిడ్డ దారిలోనే... "జరుగు" అన్నాడు మేస్త్రీ, తనకే వినపడనంత చిన్నగా. "దణ్ణం పెడతాను. దిగిపో నాయనా. మా చెల్లెల్ని వదిలెయ్."

చూస్తుండగానే దుప్పటి మీది గుంట చదునైపోయింది.

చెల్లెలు పెద్దగా ఊపిరి తీసుకుంది. నొసటి ముడతలు విడిపోయాయి. "ఆఁ... జరిగాడులే" అంది హాయిగా. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆసుపత్రి చేరేదాకా మళ్ళీ మూలగలేదు.

చీకటి పడేలోగా ఆడపిల్ల పుట్టింది. తల్లి క్షేమం. వరండాలో డ్రైవరు బల్ల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. నర్సు తెల్లబట్టలో చుట్టిన బిడ్డని తెచ్చి, దగ్గరగా నిలబడ్డ మేస్త్రీ చేతుల్లో పెట్టింది. మేస్త్రీ భయం భయంగానే చూశాడు. ఎర్రటి మొహం, మూసిన కళ్ళు, అచ్చం చెల్లెలి ముక్కు. ఆవులించింది. మేస్త్రీ గుండె మీది బరువు దిగిపోయింది. చాలాసేపటి తర్వాత మొదటిసారి నవ్వు వచ్చింది.

నర్సు వెళ్ళలేదు. వరండా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మీరు పెద్దవారిలా ఉన్నారు. ఇది మీకు చూపించమన్నారు డాక్టరుగారు. ఆయనకీ అర్థం కాలేదట."

బట్ట కొస తొలగించింది.

బొటనవేలంత పాదాలు. వాటి అడుగున మందంగా, పసుపుపచ్చగా, గట్టిగా కాయలు కాసిన చర్మం. మడమలు అడ్డంగా పగిలి ఉన్నాయి. కొన్ని పగుళ్ళు పాతవై నల్లబడ్డాయి. మేస్త్రీ వేలితో తాకాడు. వేలికి గరుగ్గా తగిలింది.

"మొదటి స్నానంలోనే చూశాం" అంది నర్సు. "అప్పటికే ఇలా ఉన్నాయి."

"బావా, ఏదీ నా కూతుర్ని ఇటివ్వు" అంటూ డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ లేచి వస్తున్నాడు.

మేస్త్రీ గబగబా బట్ట లాగి పాదాల మీద కప్పాడు. బిడ్డని తండ్రి చేతుల్లో పెట్టి, "కాళ్ళు విప్పకు, చలిగా ఉంది" అన్నాడు.