ఏడో బెర్తుకి దొంగ ఆదేశం

"వార్నా రేవు నోరు పడిపోయింది," అన్నాడు చీఫ్, కారు ఆగకముందే. "ఫోన్లు తెగాయి. రేడియోని జామ్ చేశారు. ఓడలు ఆగే చోట్లలో ఏడో బెర్తులో మందుగుండు ఓడ ఉంది. పన్నెండుకి పెట్రోలు ట్యాంకర్ మూడో బెర్తుకి రావాలి. ఆ మూడుని ఎవడైనా ఏడు చేస్తే?"

"ఊరుండదు," అన్నాడు ఏజెంట్ ఒగ్న్యాన్. ఫోన్లు బాగుచేసేవాడి నీలం చొక్కా వేసుకుని దిగాడు. పదకొండూ నలభై.

రేవులో ఇక మిగిలిన దారి కంప్యూటర్లే. కస్టమ్స్ వాళ్లవి ఒక భాషవి, ఓడల్ని రేవులోకి నడిపించే పైలట్లవి ఇంకో భాషవి, క్రేన్లవి మరోటి. ఒకదాని మాట ఒకదానికి తెలియదు. మధ్యలో ఒక యూనిక్స్ కంప్యూటర్ పెట్టె కూర్చుని మూడింటికీ మాట అందిస్తుంది. దాన్ని గేట్‌వే అంటారు. దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఇస్క్రా. అరవై ఏళ్ల మనిషి, వేళ్ల మధ్య సిగరెట్టు.

"బూట్లు తుడుచుకుని రా నాయనా," అంది, ఒగ్న్యాన్ గదిలో అడుగుపెట్టగానే, తెరమీంచి చూపు తిప్పకుండా.

అతని వెనకే సెంటు వాసన వచ్చింది. ఎర్ర కోటు, పొడుగు చేతిసంచి. కస్టమ్స్ దుబాసీ మద్లెనా.

"వానకి ఉప్పు తడుస్తుందా?" అంది గుసగుసగా.

"మూత బిగిస్తే తడవదు." కోడ్ కలిసింది. ఎనిమిదేళ్లుగా రేవు నుంచి కబుర్లందిస్తున్న మనమనిషే. ఒగ్న్యాన్ ఊపిరి పీల్చుకున్నాడు.

పదకొండూ యాభై రెండు. తెరమీద ఒక వరస మెరిసింది: ట్యాంకర్, బెర్తు ఏడు.

"దొంగ ఆదేశం! ఈ పెట్టెలోంచే పోతోంది, కేబుల్ పీకెయ్!" అరిచింది మద్లెనా.

అతని చెయ్యి కేబుల్ మీద పడింది. ఆ చేతి మీద ఇస్క్రా ఫట్‌మని కొట్టింది.

"బుద్ధుందా? పీకితే పైలట్ తెరమీద ఆఖరి ఆదేశమే నిలిచిపోతుంది. ఏడు! మూడని చెప్పే దారి కూడా మూసుకుపోతుంది."

ఒగ్న్యాన్ కేబుల్ వదిలేశాడు. "మరి ఎక్కణ్ణించి వచ్చిందది?"

"కస్టమ్స్ వైపు నుంచి. పన్నెండో నంబరు మిషను, ముందే టైము పెట్టి ఉంచారు." ఇస్క్రా తల తిప్పింది. "దుబాసీల గది."

చేతిసంచి జిప్పు చప్పుడైంది. పిస్తోలు పూర్తిగా బయటికి రాకముందే ఒగ్న్యాన్ ఆమె మణికట్టు పట్టి గోడకి అదిమాడు. గుండు కప్పులోకి దూసుకెళ్లింది. సున్నం రాలింది.

"ఎనిమిదేళ్లు మాతో పనిచేశావు కదే!"

"మీతోనూ చేశాను," అంది మద్లెనా, నవ్వుతూనే.

"మాటలాపండి!" ఇస్క్రా వేళ్లు పరుగెత్తుతున్నాయి. పన్నెండో నంబరుకి మాత్రం తలుపు మూసింది. మిగతావన్నీ తెరిచే ఉంచింది. తరవాత పైలట్ భాషలో ఒకే వరస: ట్యాంకర్, బెర్తు మూడు.

జవాబు లేదు. కిటికీలోంచి ట్యాంకర్ ముక్కు ఏడో బెర్తు వైపు తిరుగుతోంది. ఒగ్న్యాన్ లెక్కపెడుతున్నాడు. పది సెకన్లు. ఇరవై. ముప్పై.

తెరమీద జవాబు వెలిగింది: అందింది.

ఓడని లాగే టగ్గు పడవ హారన్ మోగింది. నల్లటి ఓడ బద్ధకంగా, విసుగ్గా మూడో బెర్తు వైపు తిరిగింది.

సాయంత్రం ట్యాంకర్ కెప్టెన్ నుంచి ఫిర్యాదు వచ్చింది: ఆదేశం చివరి నిమిషంలో మార్చి తనని కంగారు పెట్టినవాళ్ల పేర్లు కావాలట.