కుట్టులో దాచిన బట్ట

"మూడు నెలలు. అంతకు మించి నిలవదు," అన్నాడు టైలరు, నీలం యూనిఫాం ప్యాంటును అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"ఏది నిలవదు?"

"మీ సన్నబడటం. ఇప్పుడు బిగించమంటారు, మూడు నెలలయ్యాక వదులు చేయమని వస్తారు. నా మాట విని బెల్టు పెట్టుకోండి. ఇద్దరికీ శ్రమ తప్పుతుంది."

"టైలరు గారూ, నేను ప్యాంటు బిగించుకోడానికొచ్చానా, జోస్యం చెప్పించుకోడానికొచ్చానా?"

ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. నలభై ఆరేళ్ళు. ఆవిడ హారన్ కొట్టకుండానే ఎదుటి బళ్ళు పక్కకు తప్పుకుంటాయని ఆ రూట్లో చెప్పుకుంటారు. టైలరు నోరు కూడా అలాగే పక్కకు తప్పుకుంది.

తెర వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. టైలరు అక్క.

ఆ షాపుకో పద్ధతి ఉంది. ఆడవాళ్ళ కొలతలు అక్క తీస్తుంది. తెర వెనక నిలబెట్టి, టేపు చుట్టి, అంకెలు కేకేసి చెబుతుంది. తమ్ముడు ఇవతల కూర్చుని వింటాడు. కాగితం మీద పెట్టడు, అన్నీ కంఠతా. ఎవరి నడుము ఎంతో ఆయనకు తెలుసు కాబట్టి, వీధిలో ఎదురైతే సగం మంది ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. ఆయన పొట్ట మాత్రం ఎవరికీ భయపడదు. మిషను దగ్గర ఆయనకంటే ముందు అదే కూర్చుంటుంది.

అందరి పెళ్ళి బట్టలూ కుడుతూ తన పెళ్ళి సంగతి మరిచిపోయిన మనిషి. యాభైకి దగ్గర పడ్డాడు. పని నేర్పిన మేస్త్రీ చెప్పిన ఒక్క మాట మీదే బతుకు నడిపాడు: ఒళ్ళు మాట తప్పుతుంది, బట్టను నమ్ముకో. అందుకే సన్నబడి వచ్చినవాళ్ళ బట్టలు బిగిస్తాడే గానీ, మిగిలిన బట్ట కత్తిరించడు. లోపలికి మడిచి కుట్టులో దాచేస్తాడు. ఎందుకంటే వాళ్ళు తిరిగొస్తారు. ఇన్నేళ్ళలో రానివాళ్ళు లేరు.

డ్రైవరమ్మ ప్యాంటు కూడా అలాగే మడిచాడు.

అన్నట్టే మూడు నెలలకు ఆవిడ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"చెప్పానా!" అన్నాడు టైలరు, ఎక్కడలేని ఉత్సాహంతో.

"చెప్పారు. మళ్ళీ బిగించండి."

తెర వెనక నుంచి అక్క కేక వినిపించింది. "నడుము ముప్పై నాలుగు!"

"టేపు సరిగ్గా పట్టుకో అక్కా! పోయినసారి ముప్పై ఆరు!"

"టేపు బాగానే ఉందిరా. నువ్వే చెవులు శుభ్రం చేసుకో!"

ఆవిడ తెర తీసుకుని ఇవతలికి వచ్చేసరికి టైలరు సూదిలో దారం ఎక్కించడం కూడా మరిచిపోయి చూస్తున్నాడు.

"ఏం మానేశారండీ?"

"ఏమీ మానలేదు. ఇదివరకు మానేదాన్ని. ఒక నెల గడ్డి తినడం, తర్వాతి నెల వడ్డీతో సహా లాగించడం. ఇప్పుడు కంచంలో సగం కూరగాయలు, గుడ్లో చిక్కుళ్ళో ఏదో ఒకటి, గుప్పెడు అన్నం. ఆదివారం మా అమ్మ ఏం పెడితే అది. ముసలిదాన్నయ్యాక కూడా ఇలాగే తినగలనా అని చూసుకుని తింటున్నా."

"అంతేనా?"

"ఇనుము కూడా."

"ఇనుము తింటున్నారా!"

"ఎత్తుతున్నా మహానుభావా! మా డిపో వెనక జిమ్ముంది. మొదటి రోజు ఉత్త రాడ్డే తల దాకా లేవలేదు. కోచ్ నవ్వలేదు. రేపు కూడా రండి అన్నాడంతే. జ్వరమొస్తే పడుకుంటా, తగ్గాక వెళ్తా. అంతకు మించి మంత్రమేమీ లేదు."

"ఈ వయసులో ఇదంతా అవసరమా అండీ?"

"నా రిపోర్టు చూసి డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు టైలరు గారూ. బస్సు మెట్లెక్కితే ఆయాసం. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా అమ్మ ఉంది, కూతురి చదువుంది. నేను మధ్యలో ఆగిపోతే ఎలా?"

ఇన్నాళ్ళూ సన్నబడినవాళ్ళందరూ ఫొటో కోసం సన్నబడ్డారు. బతకడం కోసం సన్నబడే మనిషిని ఆయన మొదటిసారి చూశాడు. అయినా చెయ్యి అలవాటు మానలేదు. మళ్ళీ మడిచే కుట్టాడు.

ఆ తర్వాత ఆవిడ రాకపోకలు పెరిగాయి. ఓసారి హుక్కు ఊడిందంది. ఓసారి బొత్తాం.

"ఇది ఊడలేదండీ. ఎవరో బ్లేడుతో కోశారు," అన్నాడు టైలరు, దారం వెలుగులో పెట్టి చూసి.

"బస్సు కుదుపులకి తెగిందేమో."

"అంత నున్నగానా?"

"మీరు టైలరా, పోలీసా?" అంది ఆవిడ. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆ రోజే ఆయన చేతిలోని బొత్తాం దొర్లుకుంటూ మూలనున్న పాత మిషను కిందికి పోయింది. ఇనుప కాళ్ళ మిషను. దాన్ని కదపాలంటే పక్క షాపుల నుంచి ఇద్దరిని పిలవాల్సిందే. "ఉండండి, ఎవరినైనా కేకేస్తా," అని ఆయన గుమ్మం దాటేలోపే వెనక నుంచి "జరగండి" అని వినిపించింది.

తిరిగి చూస్తే ఆవిడ మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా పెట్టి, మిషను ఒక వైపు పట్టుకుని లేపేసింది. విసురు లేదు, ఉలుకు లేదు. మోచేతి పైన చర్మం కింద గట్టి కండ ఒకటి లేచి నిలబడింది.

"చూస్తారేంటి? తీసుకోండి బొత్తాం."

ఆయన నేల మీదికి వంగాడు. కానీ బొత్తాం కనబడలేదు, ఆ చెయ్యే కనబడుతోంది. ఇన్నేళ్ళు ఒళ్ళును కొలిచాడే గానీ, ఒళ్ళు అంటే ఇదని తెలియదు.

"అమ్మో!" అన్నాడు చివరికి. అంతకన్నా గొప్ప మాట తట్టలేదు.

"నోరు మూసుకోరా, దారం పోగులు పోతాయి," అంది అక్క.

అంతా సవ్యంగా సాగితే కథెందుకు? వారం తిరక్కుండానే ఆవిడ ప్యాంటు తెచ్చి కౌంటరు మీద పడేసింది. పక్క కుట్టు విప్పి ఉంది. నడుము నుంచి మోకాలి దాకా, లోపల మడిచిన బట్ట బయటికి వేలాడుతోంది.

"రోజంతా సీట్లో కూర్చుంటే గుచ్చుకుంటోంది. ఏముందా అని విప్పి చూశా. ఇదేంటి?"

"అది... మార్జిన్ అండీ. మా పద్ధతి..."

"నేను మళ్ళీ లావెక్కుతానని దాచారు. అవునా?"

ఆయనకు అబద్ధం రాలేదు. తల వంచుకున్నాడు.

"మా అమ్మ నా పాత బట్టలు పెట్టెలో భద్రంగా పెట్టింది. ఎప్పటికైనా పనికొస్తాయట. నా కూతురు 'చూద్దాంలే అమ్మా' అంటుంది. మీరు కుట్టి చేతిలో పెట్టిన ప్రతిసారీ నన్ను నమ్మే మనిషి ఒకడున్నాడనుకున్నా." విప్పిన కుట్టు ఆయన ముందుకు తోసింది. "మీరేమో నా ఓటమిని నా ఒంటి మీదే కుట్టి పంపారు."

ప్యాంటు తీసుకుని వెళ్ళిపోయింది. అక్క తెర వెనక నుంచి వచ్చి తమ్ముడి వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆయనకు.

మర్నాడు పొద్దున్నే స్టాపుకి పరుగెత్తాడు, క్షమాపణ చెబుదామని. ఆవిడ బస్సు అప్పుడే కదిలింది. దాని వెనక నాలుగడుగులు వేశాడో లేదో పొట్ట ఒక వైపు, ఊపిరి ఒక వైపు లాగాయి. స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. ఆవిడకు ఇది ఎంత కష్టమై ఉంటుందో, ఆ స్తంభం దగ్గర ఆయనకు తెలిసింది.

ఆ రోజు కంచంలో అన్నం తగ్గించి కూర పెంచమన్నాడు.

"ఎవరికి చూపిద్దామని?" అంది అక్క.

"ఎవరికీ కాదక్కా. బస్సు అందుకోవాలి."

నడక మొదలుపెట్టాడు. తర్వాత బట్టల తాన్లు భుజాన వేసుకుని మేడ మెట్లెక్కడం. ఒక్కోరోజు ఒళ్ళు మొరాయించేది. మర్నాడు మళ్ళీ వెళ్ళేవాడు. ఆవిడ మాత్రం రాలేదు. సెలవులో ఉందో, వేరే రూటు తీసుకుందో, ఆ స్టాపులో వేరే డ్రైవరు కనబడేవాడు.

చివరికి ఓ సాయంత్రం వాన జోరుగా కురుస్తుంటే, తడిసిన జుట్టుతో ఆవిడ షాపులోకి వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది. సంచీలోంచి అదే ప్యాంటు తీసింది. విప్పిన కుట్టు తనే ఎలాగో వేసుకున్నట్టుంది, వంకరటింకరగా.

"మీరే గెలిచారు టైలరు గారూ. ఆ బట్ట విప్పి వదులు చేయండి."

"ఏమైంది?"

"బిగుతైపోయింది. కూర్చోలేకపోతున్నా. కాటా మీద నిలబడితే బరువు పెరిగింది. ఎక్కడా తప్పు చేయలేదు, తిండి అదే, ఇనుము అదే." కళ్ళు తుడుచుకుంది. "ఇంకెవరి దగ్గరికైనా వెళ్దామనుకున్నా. నా ఒంటిని సరిగ్గా అంచనా కట్టింది మీరొక్కరే కదా అని వచ్చా."

టైలరు ప్యాంటు ముట్టుకోలేదు. "ముందు కొలత," అన్నాడు. "అక్కా!"

తెర పడింది. వాన చప్పుడులో ఆయన చెవులు రిక్కించి కూర్చున్నాడు.

"నడుము..." అక్క ఆగింది. "ముప్పై రెండు."

"తగ్గిందా!"

"తగ్గింది. ఉండు. తొడ ఇరవై మూడు."

"ఇరవై ఒకటి కదా?"

"ఇరవై మూడేరా, రెండు సార్లు చూశా. రాయిలా ఉంది. వీపు కూడా పెరిగింది. ఇదేంట్రా తమ్ముడూ, ఈ పిల్ల కింద నుంచి మళ్ళీ మొలుస్తోంది!"

టైలరు లేచి నిలబడ్డాడు. వయసు మీద పడ్డాక ఒళ్ళు వదులవడం చూశాడు, జారడం చూశాడు, కుంచించుకుపోవడం చూశాడు. నలభై ఆరేళ్ళ మనిషి ఒళ్ళు ఇలా కొత్తగా కట్టుకోవడం ఇంతవరకు వినలేదు. మేస్త్రీ కూడా విని ఉండడు.

ఆవిడ తెర తీసింది. "అంటే ఏంటి? లావయ్యానా, లేదా?"

"మీరు లావవలేదండీ. బలమయ్యారు. ఆ కాటాకి తేడా తెలియదు, టేపుకి తెలుసు."

ఆవిడ అక్కడే స్టూలు మీద కూలబడి నవ్వింది, ఏడ్చింది, రెండూ కలిపి చేసింది.

టైలరు ప్యాంటు చేతిలోకి తీసుకున్నాడు. తొడ దగ్గర మడత విప్పాడు. దాచిన బట్ట చక్కగా సరిపోయింది. తర్వాత నడుము దగ్గరికొచ్చాడు. కత్తెర తీశాడు. ఇన్నేళ్ళలో ఎవరికీ చేయని పని. చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"ఆలోచించుకోండి. కోస్తే మళ్ళీ రాదు," అంది ఆవిడ మెల్లగా.

"రావద్దనే." కర్రున కోశాడు. సన్నటి నీలం పీలిక నేల మీద పడింది. "ఇది నేను ముందే చేయాల్సింది. నాకు మీరంటే ఇష్టమండీ. మీ బస్సు వెనక పరుగెత్తాను కూడా."

"అద్దంలో చూశా."

"చూసి ఆపలేదా!"

"ఆపితే కోపం కూడా ఆగిపోతుందని ఆపలేదు." ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీ చొక్కా ఏంటి వదులైంది? కొలతలు మరిచిపోయారా?"

"సొంత బట్టలు బిగించుకోడానికి ధైర్యం చాలట్లేదు."

"రేపు డిపో జిమ్ముకి రండి. ముందు ఉత్త రాడ్డు ఎత్తుదురు గాని. లేవకపోయినా నేను నవ్వను." మళ్ళీ అంది, "కొంచెం నవ్వుతాలెండి."

అక్క ఇద్దరి మధ్యకూ వచ్చింది. మెడలో ఎప్పుడూ వేలాడే టేపు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"నా నడుం నొప్పి పుడుతోందిరా. ఇక ఈ అమ్మాయి కొలతలు నువ్వే తీసుకో."

ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చేతులు కాస్త పైకెత్తి నిలబడింది. భుజం నుంచి భుజానికి టేపు పట్టాడు. ఆ భుజాల మీద వాన చుక్కలింకా ఆరలేదు. ఆవిడ ఊపిరి తీస్తే టేపు కదులుతోంది.

తెర వెనక్కి వెళ్ళిన అక్క అక్కడి నుంచే కేకేసింది. "ఎంతొచ్చిందిరా?"

వీధిలో అందరి కొలతలూ కంఠతా వచ్చిన ఆ మనిషి, తన చేతిలోని టేపు వైపే చూడలేదు.

"తెలీదక్కా," అన్నాడు. "మళ్ళీ తీయాలి."