మేనకోడలికి టీకా, మేనమామకి కన్నీళ్లు

"మా పాపని ఏడిపించనిదే మీకు పొద్దుపోదా?" అని గుమ్మంలోనే అడ్డుకున్నాడు టైలరు.

టీకాల నర్సు గొడుగు మడుస్తూ అతణ్ని ఎగాదిగా చూసింది. "రోజంతా సూదితోనే బతుకుతారు. మీకు సూదంటే ఇంత భయమేంటండీ?"

కిందటిసారి టీకా వేశాక మేనకోడలికి ఒళ్లు కాలిపోయింది. నిద్రాహారాలు మాని పాపను ఒళ్లో పెట్టుకున్న అక్క, ఇక చచ్చినా వేయించనని తేల్చి చెప్పింది. ఆ మాటే చెప్పి నర్సును పంపేశాడు. వానలో ఆమె మలుపు తిరిగేదాకా మాత్రం గుమ్మం వదల్లేదు.

వారం తిరక్కుండా వెనకవీధి బాబుకి తట్టు సోకింది. అది ఊపిరితిత్తులకు పాకి, ఆస్పత్రిలో చేర్చారని విన్నాక టైలరుకు కత్తెర ఆడలేదు. షాపు మూసి తిన్నగా టీకాల సెంటరుకు వెళ్లాడు.

"మేడం, మా అక్కతో ఒక్కసారి మాట్లాడతారా?"

"అందరూ సిస్టర్ అంటారు. మీరేంటి మేడం అంటున్నారు?"

"ఆ మాటకి నోరు రావట్లేదండి."

ఆమె నవ్వు దాచుకోవడానికి టేబుల్ సర్దింది.

నర్సు ఇంటికొచ్చి అక్క పక్కన నేలమీదే కూర్చుంది. అక్క చెప్పుకున్న గోడునంతా అడ్డుపడకుండా విన్నది. టీకా తర్వాత కాస్త జ్వరం మామూలేననీ, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుందనీ, తట్టు వస్తే మాత్రం ప్రాణం మీదికి రావచ్చనీ నెమ్మదిగా చెప్పింది.

"మీరు పడ్డ భయం తక్కువేం కాదక్కా. ఈసారి జ్వరమొస్తే నాకు ఫోన్ చేయండి. వచ్చేస్తాను."

అక్క పాప జుట్టు నిమిరింది. చివరికి సరేనంది.

మర్నాడు సెంటరు తలుపు దగ్గరే పాపను తమ్ముడి చేతికిచ్చి, తను చూడలేనంటూ బయట బెంచీ మీద కూలబడింది.

సూది దిగగానే పాప కెవ్వుమంది. అంతలోనే ఊరుకుంది. మేనమామ కళ్లు మాత్రం ఊరుకోలేదు.

"పొరపాటున మీకు వేశానా?" అంది నర్సు, దూది అందిస్తూ.

అతను కళ్లు తుడుచుకుని, తర్వాతి డోసు ఎప్పుడని అడిగాడు. ఇంకా చాలా నెలలుందని చెప్పింది.

"అన్నాళ్లు ఆగలేనండి."

"పాపకి ముందే వేయకూడదండి."

"పాప సంగతి కాదు. మిమ్మల్ని చూడకుండా ఆగలేనంటున్నాను."

నర్సు టీకా కార్డు మీద తేదీ రాసింది. తలెత్తకుండానే, "డ్యూటీ అయ్యాక బస్టాపు దాకా నడిచే వెళ్తాను. దారి తెలీకపోతే చెప్తాను," అంది.

"వాడికి తెలీకపోవడమేంటమ్మా?" బెంచీ మీంచి అక్క గొంతు వినిపించింది. "వారం రోజులుగా బస్సెక్కే పని లేకుండా అక్కడే తిరుగుతున్నాడు."