బస్తాలో దాచిన సీటు

"సీటేదీ? నా సైకిలు సీటేదీ?"

లౌరెయానో కేకకి వరండాలోని కోళ్ళు కూడా చెదిరిపోయాయి. ఎడెల్మీరా మాత్రం పొయ్యి దగ్గరనుంచి తలెత్తలేదు. బెల్లం నీళ్ళు మరుగుతున్నాయి... ఆమె మనసూ అలాగే మరుగుతోంది.

ఇంకో గంటలో చర్చి ముందు ఫాదరు ఆ సైకిలు మీద పవిత్రజలం చల్లుతాడు. బ్యాండువాళ్ళు అప్పుడే వచ్చేశారు. తన మొగుడు దక్షిణపు కొసనున్న ఈ ఇపియాలెస్ ఊరినుంచి ఉత్తరాన సముద్రం దాకా, దేశం ఈ కొసనుంచి ఆ కొసకి తొక్కుతాడట! గుండె జబ్బుతో పుట్టిన పేదపిల్లల ఆపరేషన్ల కోసం దారి పొడుగునా చందాలు పోగుచేస్తాడట! అరవై ఒక్క ఏళ్ళ మనిషి! పోయిన ఏడాది చర్చి మెట్లెక్కుతూ రొమ్ము పట్టుకుని కూలబడిన మనిషి!

"ఊరంతా ఎదురుచూస్తోంది వదినా," ఆడపడుచు రోసెండా గుమ్మంలోంచి దెప్పింది. "సీటు లేకపోతే మా అన్నయ్య నిలబడే తొక్కుతాడులే. నీ సాధింపు పడేకంటే అదే హాయి!"

"మీ అన్నయ్యకి ఊడింది సీటు కాదమ్మా, బుర్రలో బోల్టు!"

నూబియా చందాల డబ్బా బల్లమీద పెట్టి తల్లి వంక చూసింది. ఇరవై ఆరేళ్ళ ఆ పిల్ల మెడ కిందుగా పసితనంలో చేసిన గుండె ఆపరేషను గాటు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

"అమ్మా... నువ్వే తీశావు కదూ?"

"అవునే, నేనే తీశాను! తెల్లవారకముందే రెంచీతో విప్పేశాను! ఏం చేస్తారు నన్ను?" ఎడెల్మీరా గరిటె విసిరికొట్టింది. "నెలరోజులుగా చెబుతున్నాను, ఈ ఇంట్లో వినే చెవి ఒక్కటుందా? దారిలో ఆ పాతియా లోయ ఎండలో ఈయన పడిపోతే నాకెవరు చెబుతారు? పిల్లలకి సాయం చెయ్యాలంటే ఇంటిముందు కూర్చుని కజ్జికాయల్లాంటి ఎంపనాదాలు వేయించి అమ్మకూడదూ? ప్రాణమే ఇవ్వాలా?"

లౌరెయానో గట్టిగా బదులిస్తాడనుకున్నారు అందరూ. ఆయన పీట లాక్కుని నెమ్మదిగా కూర్చున్నాడు.

"నెల కిందట కొండ దిగువనున్న లాస్ లాహాస్ మాత గుడికి వెళ్ళాను ఎడెల్మీరా. కొండగోడ నిండా మొక్కుల పలకలుంటాయి కదా. వాన పడుతుంటే ఓ మూలకి ఒదిగి నిలబడ్డాను. అక్కడ మోకాలెత్తున చిన్న పలక... దాని మీద నా పేరు."

ఎడెల్మీరా ముఖం పాలిపోయింది.

"'తల్లీ, నా నూబియాని బతికించు. సైకిలు మీద సముద్రం దాకా వెళ్ళి మొక్కు తీరుస్తాను. లౌరెయానో.' కింద తేదీ. ఆ రోజు నేను బిడ్డతో కాలీ నగరం ఆసుపత్రిలో ఉన్నాను. జ్వరంతో ఇక్కడ ఇంట్లో ఉండిపోయింది నువ్వొక్కదానివే."

ఎడెల్మీరా నేలమీదే చతికిలబడింది. ఇరవై ఆరేళ్ళుగా దాచుకున్నది ఒక్కసారిగా కట్ట తెంచుకుంది!

"మొక్కడానికి నా దగ్గర ఏముంది చెప్పండి! బంగారమా, భూమా? ఈ ఇంట్లో గొప్పవంటే సైకిలు పందేలు గెలిచిన మీ కాళ్ళే! అవే మొక్కేశాను... అడక్కుండా, చెప్పకుండా! తర్వాత చెబుదామంటే నోరు రాలేదు. మీరు రొమ్ము పట్టుకున్న రోజునుంచీ, తల్లీ ఆ మొక్కు మరిచిపో, ఆయన్ని వదిలెయ్ అని రోజూ ఏడుస్తున్నాను... ఆవిడేమో మీ బుర్రలో ఈ పిచ్చి పెట్టింది!"

"ఆవిడ కాదు, నువ్వే పెట్టావు," ఆయన పీట ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. "పిచ్చిదానా, అంత జ్వరంతో అన్ని మెట్లు దిగావా? ఇన్నేళ్ళూ ఒక్కదానివే మోశావా? డాక్టరు పరీక్ష చేసే పొమ్మన్నాడు. రోజూ కొంచెమే తొక్కుతాను. వెనకే నూబియా వ్యానులో వస్తుంది. మన బిడ్డ ఆపరేషనుకి ముక్కూమొహం తెలియనివాళ్ళు సాయపడ్డారు కదే... ఈసారి ఆ తెలియనివాళ్ళం మనమవుదాం."

ఎడెల్మీరా లేచి, మూలనున్న బంగాళదుంపల బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి సీటు పైకి లాగింది. తన శాలువా కొంగుతో మట్టి తుడిచి, సైకిలుకి పెట్టి తనే బోల్టు బిగించింది.

"సిగ్గులేని మనిషి! అంతా తెలిసి నెలరోజులు నాచేత తిట్టించుకున్నారా!"

"నువ్వు తిట్టడం ఆపితేనే నాకు భయమేస్తుంది."

ఫాదరు నీళ్ళు చల్లాడు. బ్యాండు మోగింది. ఊరి చివరి ఎత్తు దగ్గర లౌరెయానో చక్రం మందగించింది. అంతే! జనాన్ని తోసుకుంటూ ఎడెల్మీరా పరుగెత్తుకొచ్చి, సీటు వెనక చెయ్యి వేసి తోయడం మొదలుపెట్టింది.

"సముద్రం దాకా తోస్తావా ఏంటి వదినా?" రోసెండా అరిచింది, కళ్ళు తుడుచుకుంటూనే.

"మొక్కింది నేను కదూ! కనీసం మలుపు దాకా నా కాళ్ళూ ఉండొద్దూ?" రొప్పుతూ అంది. "ఏమండోయ్... స్వెట్టరు లోయలోకి దిగాకే విప్పండి! విన్నారా?"

ఎత్తు ముగిసింది. సీటు ఆమె చేతిలోంచి మెల్లగా జారి ముందుకు సాగిపోయింది. ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి, విన్నానన్నట్టు ఊపాడు.

వ్యాను కూడా మలుపు తిరిగాక, ఎడెల్మీరా ఆ అరచేతిని ముఖానికి ఆనించుకుని నిలబడింది. బంగాళదుంపల మట్టి వాసన ఇంకా వేస్తోంది.