చేతులు కడుక్కుని రా

జుసారా నాతో అన్న మొదటి మాట అదే. "చేతులు కడుక్కుని రా."

మూట ఇంకా నా భుజం మీదే ఉంది. నేను పడవలో కర్రపెండలం పిండి తెచ్చి, బెలెం రేవులో వాళ్ల నాన్న ఒలావో గారి కొట్టుకి వేసేవాణ్ని.

"నా చేతులకేమైంది?"

"చేపల వాసన."

"పడవవాణ్ని. మల్లెపూల వాసన వస్తుందా?"

"రాదు. అందుకే అక్కడ సబ్బు పెట్టాం."

ఎప్పుడెళ్లినా అంతే. "వానలో తడిసే వచ్చాను కదా" అంటే, "వానలో సబ్బుండదుగా" అని నవ్వేది. ఆ నవ్వు కోసం కడుక్కునేవాణ్ని. లోపల మండేది. నేనంటే రోత అనుకున్నాను.

అయినా చేసుకుంటే జుసారానే చేసుకోవాలనిపించింది. అమ్మకి చెప్పాను. ఉత్త చేతులతో వెళ్లకూడదని, చంకలో ఒక కోడిని, సంచిలో ఒక చెరకు సారా సీసాని పెట్టి పంపింది.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఒలావో గారు కొట్టు గుమ్మంలోనే కోడిని చూసి కంగారు పడ్డారు. లాక్కుని పెరట్లోకి పరుగెత్తారు. ఎందుకో అర్థం కాలేదు.

"చేతులు కడుక్కో" అంది జుసారా లోపల్నించి.

ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాను. పౌరుషమొచ్చింది. కడుక్కోలేదు. వెళ్లి బల్ల మీద కూర్చున్నాను.

అటక మీంచి ఏదో జారింది.

మోచేతి కింద కరిచి పట్టేసింది. చూసేసరికి భుజం దాకా చుట్టేసింది. నా తొడంత లావు కొండచిలువ.

జుసారా పరుగెత్తుకొచ్చింది. "లాగకు! పళ్లు లోపలికి వంగుంటాయి, లాగితే కండ ఊడొస్తుంది. నాన్నా! తోక!"

ఒలావో గారు వచ్చి తోక పట్టుకుని, అక్కణ్నించి ఒక్కో చుట్టు విప్పారు. జుసారా నా సంచిలోంచి సీసా తీసింది. మూత పంటితో లాగి, సారా దాని నోట్లో పోసింది. పాము నోరు తెరిచింది.

ఇద్దరూ దాన్ని పెట్టెలో పెట్టి, మూత వేసి, పైన రాయి పెట్టారు.

"ఏంటది?" అన్నాను చివరికి.

"రొజాల్వా" అంది జుసారా. "ఎలుకల కోసం. నేను పుట్టకముందు నుంచీ ఉంది. విషం లేదులే."

"ఇంత పాముందని చెప్పలేదేం?"

"చెబితే బేరాలు రావని నాన్న వద్దన్నాడు. చేతులు కడుక్కోమని రోజూ చెప్పానుగా!"

"కోడి వాసనొస్తే అది కోడే అనుకుంటుంది" అన్నారు ఒలావో గారు నా చేతికి గుడ్డ చుడుతూ. "అసలు కోడినెందుకు తెచ్చావయ్యా?"

"మీ అమ్మాయిని అడగడానికి."

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. జుసారా వాకిట్లో వాన వైపు తిరిగింది.

"దాన్ని పట్టాలంటే ఇద్దరుండాలి" అన్నారాయన. "ఇప్పుడు చూశావుగా. పిల్ల వెళ్లిపోతే నేనొక్కణ్నే. పామునొదిలేస్తే పిండంతా ఎలుకల పాలు. అందుకే అడిగినవాళ్లందరికీ కాదన్నాను."

"నేనే ఇక్కడికొస్తాను."

"ఇంత జరిగాకా?"

"ఆ."

ఆయన నా వైపు చూశారు. పెట్టె వైపు చూశారు. "సారా ఇంకా మిగిలిందా?" అని సీసా తీసుకుని, గ్లాసుల కోసం లోపలికి వెళ్లారు.

జుసారా వచ్చి పక్కన కూర్చుంది. కళ్లు తడిగా ఉన్నాయి. "లాగొద్దంటే లాగలేదు. అంత ధైర్యమేంటి నీకు?"

"ధైర్యమెక్కడిది? ఒళ్లు బిగుసుకుపోయింది."

కళ్లనీళ్లతోనే నవ్వింది. నా రెండో చెయ్యి అందుకుంది.

"ఇంకా కడుక్కోలేదు" అన్నాను.

"నేను రొజాల్వానా?" అని గట్టిగా పట్టుకుంది.